దారులు పెరుగుతున్నాయి, నడిపేవాళ్లు తగ్గుతున్నారు

సంపాదకులు గారికి,

మీ సంపాదకీయ పేజీలో సుంకాల మీద ఈమధ్య వరసగా వస్తున్న వ్యాసాలు వదలకుండా చదువుతున్నాను. ఏ అధ్యక్షుడు ఎవరి మీద ఎంత శాతం వేశాడు, అవతలివాళ్లు బదులు ఏం చేశారు, మార్కెట్లు ఎంత పడ్డాయి, ఇదే వరస. చైనాలోనో కొరియాలోనో పుట్టే పిల్లలు తగ్గిపోతున్నారన్న కబురు మాత్రం లోపలి పేజీలో ఎక్కడో నాలుగు లైన్లలో సర్దుకుంటోంది. ఈ రెండింటినీ విడివిడిగా చదివితే ప్రపంచ వ్యాపారం అర్థం కాదన్నది నా అభిప్రాయం. ఇటీవలి దాకా వాణిజ్య నౌకల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచే చెబుతాను.

2023 నవంబరు 19న ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీలు హెలికాప్టర్‌లోంచి దిగి గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నారు. అందులోని 25 మంది సిబ్బందిని వదిలేసరికి 2025 జనవరి వచ్చింది. ఈలోగా పెద్ద కంటైనర్ కంపెనీలు సూయజ్ కాలువ మానేసి ఓడల్ని ఆఫ్రికా చుట్టూ తిప్పాయి. సింగపూర్ నుంచి రోటర్‌డ్యామ్‌కి సూయజ్ మీదుగా అయితే సుమారు 8,300 నాటికల్ మైళ్లు. గుడ్ హోప్ అగ్రం చుట్టి వెళ్తే 11,800 దాకా అవుతుంది. ఈ దూరం గురించి, పెరిగిన ఫ్రైట్ (సరుకు రవాణా చార్జీ) గురించి పత్రికలు బాగానే రాశాయి. నాకు ముఖ్యమనిపించే లెక్క వేరే ఉంది. వారానికో ఓడ బయల్దేరే లైన్‌లో రానూపోనూ పది వారాలు పడితే పది ఓడలు కావాలి. అదే పన్నెండు వారాలైతే పన్నెండు ఓడలు. సరుకు ఒక్క పెట్టె కూడా పెరగలేదు, ఓడలు మాత్రం రెండు పెరిగాయి. వాటిని నడిపే మనుషులూ అంతమేరకు పెరగాలి. స్పీడు పెంచి ఆ రోజులు కలుపుకోవచ్చు కదా అని ఒడ్డున కూర్చున్నవాళ్లు అడుగుతుంటారు. వేగం పది శాతం పెంచితే గంటకు కాలే ఇంధనం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. ఆ ఖర్చు కట్టేది వాళ్లు కాదు.

ఓడలు సూయజ్ వదిలి చుట్టూ తిరగడం కొత్తేమీ కాదు. 1967 అరబ్, ఇజ్రాయెల్ యుద్ధంతో కాలువ మూతపడి 1975లో గాని మళ్లీ తెరుచుకోలేదు. చుట్టూ తిరగడం ఎలాగూ తప్పదు కాబట్టి ఒక్కసారే ఎక్కువ చమురు మోద్దామని భారీ ట్యాంకర్లు కట్టడం ఊపందుకుంది అప్పుడే. కానీ ఆ రోజుల్లో ప్రపంచం మొత్తం మీద స్త్రీకి సగటున ఐదుగురు పిల్లలు. ఓడ ఎక్కడానికి కుర్రాళ్లకు కరువే లేదు. ఇప్పుడా సగటు 2.25. రాజకీయాలు దారుల్ని పొడిగిస్తున్న సమయంలోనే జనాభా లెక్కలు మనుషుల్ని తగ్గిస్తున్నాయి.

ఓడలు ఎవరు కడుతున్నారో చూడండి. టన్నుల లెక్కన ప్రపంచంలో తయారయ్యే ఓడల్లో 90 శాతానికి పైగా చైనా, దక్షిణ కొరియా, జపాన్‌లవే. సంతానం బాగా పడిపోయిన దేశాల్లో ఈ మూడూ ముందు వరసలో ఉన్నాయి. కొరియాలో 2023లో స్త్రీకి సగటు 0.72. చైనాలో 2016లో సుమారు 1.8 కోట్ల మంది పుడితే 2023లో పుట్టింది 90 లక్షలు. కొరియాలో ఒక కొత్త ఓడ డెలివరీకి ముందు నన్ను యార్డుకి పంపారు. ఓడ అడుగున రెండు పొరల మధ్య ఉండే డబుల్ బాటమ్ ట్యాంకులో వెల్డింగ్ పరీక్ష చేస్తున్నాం. మనిషి పాక్కుంటూ వెళ్లాల్సిన చోటు అది. మాన్‌హోల్‌లోంచి బయటికొచ్చిన వెల్డర్ హెల్మెట్ తీస్తే తల ముగ్గుబుట్ట. అరవైకి దగ్గర పడ్డాడని చూస్తేనే తెలుస్తోంది. పక్కన హెల్పర్లుగా ఉన్న కుర్రాళ్లలో ఒక్కడూ కొరియన్ కాదు. 2022 తర్వాత ఆ దేశం యార్డుల కోసం విదేశీ వెల్డర్లకు వీసా నిబంధనలు సడలించింది. వలసల విషయంలో ఎప్పుడూ తలుపులు బిగించుకుని ఉండే దేశం అది.

ఓడ నడిపేవాళ్ల సంగతి ఇంకా తమాషా. ప్రపంచంలో నావికులు సుమారు 19 లక్షలు. ఎక్కువ మందిని పంపేవి ఫిలిప్పీన్స్, రష్యా, ఇండోనేషియా, చైనా, భారత్. రష్యా, ఉక్రెయిన్ నావికులు కలిపితే ఏడో వంతు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలవగానే 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు దేశం దాటకూడదని ఉక్రెయిన్ ఆంక్ష పెట్టింది. అప్పుడు మా ఓడలో థర్డ్ ఇంజనీరు ఉక్రెయిన్‌వాడు, ఎలక్ట్రికల్ ఆఫీసర్ రష్యావాడు. ఇద్దరూ రాత్రి భోజనం ఒకే టేబుల్ మీద చేసేవాళ్లు. యుద్ధం వచ్చాక ఎలక్ట్రికల్ ఆఫీసర్ అరగంట ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. గొడవేం లేదు. ఇంజన్ రూమ్‌లో ఎప్పట్లాగే ఒకరికొకరు స్పానర్లు అందించుకునేవాళ్లు. థర్డ్ ఇంజనీరు కాంట్రాక్టు అయిపోయినా దిగలేదు. అతని బదులు రావాల్సినవాడు అదే దేశంలో ఇరుక్కుపోయాడు మరి.

ఫిలిప్పీన్స్ ఉంది కదా అనుకుంటే అక్కడ సంతానం సగటు 2017లో 2.7, 2022కల్లా 1.9. ఈ రోజు ఓడెక్కుతున్న కేడెట్లు పెద్ద కుటుంబాల పిల్లలు. ఇరవై ఏళ్ల తర్వాత ఎక్కాల్సినవాళ్లు ఇప్పటికే తక్కువగా పుట్టారు. ఈ లెక్కని ఏ శిఖరాగ్ర సమావేశమూ మార్చలేదు.

ఆఫ్రికాలో కావలసినంత మంది కుర్రాళ్లున్నారన్న మాట తరచూ వింటాం. నైజీరియాలో సగం మంది సుమారు పద్దెనిమిదేళ్ల లోపలివాళ్లే, నిజమే. కానీ కుర్రవాడు ఉన్నంత మాత్రాన నావికుడు కాడు. చదువు అయ్యాక ఓడ మీద నెలల తరబడి శిక్షణ ఉంటేనే సర్టిఫికెట్ వస్తుంది. ఆ శిక్షణకు ఓడలో చోటు ఎవరిస్తారు? కంపెనీలు తమకు అలవాటైన దేశాల నుంచే తీసుకుంటాయి. రేవుల్లో వీసా దగ్గర ఆఫ్రికా కుర్రాళ్లని చూసే చూపే వేరు. జనాభా ఒక చోట, పని ఇంకో చోట, మధ్యలో పాస్‌పోర్టు. ఇదీ రాజకీయమే, కాకపోతే హెడ్‌లైన్‌కి ఎక్కదు.

ఇక సుంకాల విషయం. అమెరికా, చైనా వాణిజ్య యుద్ధం 2018లో మొదలైంది. పనిచేసే వయసు జనాభా తగ్గడం మొదలైందని చైనా గణాంక శాఖ ప్రకటించింది మాత్రం 2012 లెక్కల మీద. కూలీ రేట్లు పెరిగి బట్టలు, బూట్ల ఫ్యాక్టరీలు వియత్నాం, బంగ్లాదేశ్ దారి పట్టింది సుంకాలకు చాలా ముందు. 2023లో అమెరికాకు ఎక్కువ సరుకు అమ్మే దేశాల్లో చైనాని మెక్సికో దాటేస్తే అదంతా సుంకాల ఘనతేనని రాసేశారు. సుంకం తోసింది, కాదనను. కానీ తోస్తే కదిలే స్థితికి ఆ ఫ్యాక్టరీలు అప్పటికే వచ్చి ఉన్నాయి.

సైన్యాలదీ పిండి కొద్దీ రొట్టే. దక్షిణ కొరియా సైన్యం 2000ల మొదట్లో సుమారు 6.9 లక్షలు, 2025 నాటికి 4.5 లక్షలు. ఉత్తరాన శత్రువు తగ్గలేదు, యూనిఫాం వేసుకునే కుర్రాళ్లు తగ్గారు. ఉక్రెయిన్ 2024 ఏప్రిల్‌లో బలవంతపు సమీకరణ వయసును 27 నుంచి 25కి తగ్గించడానికి అంత తటపటాయించిందంటే కారణం ఉంది. 1990ల చివర, 2000ల మొదట్లో అక్కడ పుట్టినవాళ్లే తక్కువ. వాళ్లనీ పోగొట్టుకుంటే రేపు దేశాన్ని నిలబెట్టేదెవరన్న భయం.

మనుషుల్లేని ఓడలు వచ్చేస్తాయిగా అనే పాఠకులకో మాట. నార్వేలో యారా బిర్కెలాండ్ అనే ఓడని ఆ ఉద్దేశంతోనే కట్టారు. అది తిరిగేది తీరం పక్కన చిన్న దూరం. నడిసముద్రంలో అర్ధరాత్రి హై ప్రెషర్ ఫ్యూయల్ పైపు పగిలి వేడి ఇంజన్ మీద ఆయిల్ చిమ్మితే, దాన్ని ఆపి కొత్త పైపు బిగించాల్సింది చేతులున్నవాడే. ఆ చేతులు ఇంకా చాలా ఏళ్లు కావాలి.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. 2024 మార్చి 6న ఏడెన్ సింధుశాఖలో ట్రూ కాన్ఫిడెన్స్ అనే ఓడను హౌతీల క్షిపణి తాకింది. ఓడ మీద బార్బడోస్ జెండా, నడిపించేది గ్రీస్ కంపెనీ. చనిపోయింది మాత్రం ఇద్దరు ఫిలిప్పీన్స్ నావికులు, ఒక వియత్నాం నావికుడు. వియత్నాం కూడా ఇద్దరు పిల్లల పరిమితిని 2025 జూన్‌లో ఎత్తేసింది, పిల్లలు చాలడం లేదని. ఇలాంటి దాడి జరిగినప్పుడు ముడి చమురు ధర ఎంత పెరిగిందో పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు, వేయండి. దాని కిందే ఆ ఓడలో ఎంతమంది ఉన్నారు, ఏ ఏ దేశాలవాళ్లు అన్నది కూడా ఒక్క లైను వేయండి. సమాచారం దొరకదని కాదు, కంపెనీల ప్రకటనల్లో సాధారణంగా ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత చీఫ్ ఇంజనీరు, వాణిజ్య నౌకలు