బొకారోలో కలిసిన కుర్రాడు

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, కోప్పడకు. అమ్మ బాగుంది, చెల్లికి సంబంధం ఇంకా కుదరలేదు, నాకు మళ్లీ నైట్ షిఫ్టే. అవన్నీ తర్వాత. ఈ సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

సంక్రాంతికి ఇంటికొచ్చి తిరిగి వెళ్తూ బొబ్బిలిలో బొకారో ఎక్స్‌ప్రెస్ రైలెక్కాను. జనరల్ బోగీ, మనం ఎప్పుడూ నిలబడే తలుపు దగ్గరే. పక్కన ఒక కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, జార్ఖండ్‌లోని ధన్‌బాద్‌లో ఎక్కి, తమిళనాడులో బనియన్లు కుట్టే ఊరు తిరుప్పూరు పోతున్నాడు. మా ఫ్యాక్టరీ లైన్లో నేర్చుకున్న హిందీతో మాట కలిపాను. వాడు చనువుగా నా టీషర్ట్ అంచు తిప్పి చూసి, "ఫ్లాట్‌లాక్ కుట్టు, బాగా వేశారు" అన్నాడు. వాడి పని అదేనట, పీస్ రేటు మీద, అంటే ఒక్కో బట్టకి ఇంతని.

గజపతినగరం దాటాక మా బండి ఆపేసి ఒక బొగ్గు గూడ్సును వదిలారు. వాడు వేలితో గాల్లో లెక్కపెట్టాడు. 58 వ్యాగన్లు! మన లెక్కల పెసరట్టు మాస్టారు ఉంటే వీపు తట్టేవారు. "మా ఊరి బొగ్గేనేమో" అన్నాడు. వాళ్లది ఝరియా పక్క పల్లె. అక్కడ భూమి కింద 1916 నుంచి నిప్పు రగులుతూనే ఉంది కదా. వాళ్ల నాన్న సైకిల్‌కి బొగ్గు బస్తాలు కట్టి, ఎక్కడానికి చోటు ఉండదు కాబట్టి, పొద్దంతా తోసుకుంటూ వెళ్లి అమ్ముతాడట. దించేటప్పుడు హ్యాండిల్ ఎలా బిగపట్టాలో రెండు చేతులూ చాపి చూపించాడురా. కొడుకేమో రెండువేల కిలోమీటర్ల అవతల బనియన్లు కుడుతున్నాడు.

కిటికీ పక్కన ఒక పెద్దాయన, రైల్వేలో గూడ్సు క్లర్కుగా చేసి రిటైరయ్యారు. అంతా విని, "1952 నుంచి 1993 దాకా ఉక్కు, బొగ్గు, సిమెంటు దూరం పోయినా ధర పెరగకుండా కిరాయిని ప్రభుత్వమే సర్దింది బాబూ. ఇంక గని పక్కన ఫ్యాక్టరీ ఎవడు పెడతాడు? రేవులున్న చోట పెట్టారు. పత్తికి మాత్రం అలా సర్దలేదు, అది మీ దాకా రావాలంటే పూర్తి కిరాయి కట్టాల్సిందే" అన్నారు. నేను హిందీలో చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "1993 అయిపోయాక ఫ్యాక్టరీలు మా వైపు తిరిగి రాలేదా మరి?" అని అడిగాడు.

ఏం చెప్పను? అప్పటికే పాతుకుపోయాయి. ఈరోజుకీ దేశంలో ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో సగానికి పైగా తమిళనాడు, మహారాష్ట్ర, గుజరాత్, ఉత్తరప్రదేశ్, కర్ణాటకల్లోనే ఉన్నాయి.

నాకు మన జూట్ మిల్లు సైరన్ గుర్తొచ్చింది. అది ఆగిపోయాక కూడా నాన్న తెల్లవారుజాము మూడింటికే లేచి టీ పెట్టుకునేవాడు, నీకు తెలుసుగా. విశాఖ ఉక్కు మనకి వంద కిలోమీటర్ల పైచిలుకే, అయినా నేను పనికి తమిళనాడు సరిహద్దులో ఉన్న తడ దాకా పోవాల్సి వచ్చింది. అక్కడి ఫ్యాక్టరీల పేట శ్రీసిటీలో మా షిఫ్టు బస్సు దిగిన తమిళ పిల్లలు సరిహద్దు దాటి రాత్రికి అమ్మ చేతి అన్నం తింటారు. మన పార్వతీపురం పిల్లలు హాస్టల్లో పడుకుంటారు. చేసేది ఒకటే పని, ఒకటే టేబుల్ మీద. అది తలుచుకుంటే...

గూడూరులో దిగేముందు వాడికి మన అరిసెలిచ్చాను. వాడు ఠేకువాలు పెట్టాడు, కొంచెం మన గవ్వల్లా ఉన్నాయి, కాకపోతే గట్టివి. ఒకటి నీకోసం దాచాను.

హడావుడిలో వాడి నంబరు తీసుకోలేదు. తిరుప్పూరులో మీ చిన్నాన్న కొడుకున్నాడు కదా, వాడిని అడిగి... బస్సు హారన్ కొడుతున్నాడు, మిగతాది రేపు.