కార్జంలో నీటిగడ్డ: ‘సిస్ట్’ అని ఒక్క మాట రాసి వదిలేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

మాది కర్నూలు జిల్లా పత్తికొండ వైపు పల్లె. మా తాత నాటి నుంచి గొర్రెల మంద మీదే బతుకు. నిరుడు ఎండాకాలంలో అమ్మ కుడి డొక్కలో బరువుగా ఉంటోందంటే స్కానింగ్ తీయించాం. రిపోర్టులో రాసింది ఒక్క వాక్యం: లివర్ కుడి భాగంలో 7 సెంటీమీటర్ల సిస్ట్. దాని గోడ ఎలా ఉందో, లోపల పొరలున్నాయో లేదో ఏమీ రాయలేదు. తర్వాత అది కుక్కల పురుగు వల్ల వచ్చే హైడాటిడ్ గడ్డేమో చూడటానికి రక్త పరీక్ష చేయించారు. వారానికి నెగెటివ్ వచ్చింది. ‘మామూలు నీటిగడ్డేనమ్మా, సూదితో నీళ్లు లాగేస్తే పోతుంది’ అన్నారు. చేతిలో డబ్బు లేక పది రోజులు ఆగాం. ఆ పది రోజులే మా అమ్మకు మేలు చేశాయి.

ఈలోపు మా మేనమామ పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి రేడియాలజిస్టు మేడం స్కానింగ్ మొదలుపెట్టక ముందే ‘ఇంట్లో గొర్రెలున్నాయా, కుక్కలున్నాయా?’ అని అడిగారు. అంతవరకూ ఆ మాట మమ్మల్ని ఎవరూ అడగలేదు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి తెర మీద చూపించారు. నల్లటి నీళ్లలో చినిగిన గుడ్డపేలికలా తెల్లటి పొర ఊగుతోంది. అది హైడాటిడ్ గడ్డ. కుక్క పేగుల్లో ఉండే కొద్ది మిల్లీమీటర్ల బద్దెపురుగు గుడ్లు మన నోట్లోకి పోతే, లివర్‌లో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరిగేది.

ఏ గడ్డో తెలియకుండా, ముందు మందు వేయకుండా దానికి సూది గుచ్చితే లోపలి నీరు కడుపులోకి కారొచ్చు. ఒళ్లంతా తీవ్రమైన అలర్జీ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, కడుపులో కొత్త గడ్డలు మొలవొచ్చు. చివరికి అమ్మకూ సూదితోనే తీశారు. కానీ ముందు నుంచి పురుగును చంపే ఆల్బెండజోల్ మాత్రలు వేయించి, అలర్జీ వస్తే ఆదుకోవడానికి అన్నీ సిద్ధం చేసుకుని తీశారు.

మరి రక్త పరీక్ష నెగెటివ్ ఎందుకొచ్చింది? అది వెతికేది పురుగును కాదు, దాని మీద మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. గడ్డ గోడ గట్టిగా ఉండి లోపలిది బయటికి రాకపోతే అవి తగినంత తయారు కాకపోవచ్చు. లివర్‌లో గడ్డ ఉన్నా నూటికి పది, ఇరవై మందికి నెగెటివ్ వస్తుందట. వేరే బద్దెపురుగు ఉన్నవాళ్లకు ఇదే పరీక్ష పాజిటివ్ చూపించొచ్చు. జబ్బు నయమయ్యాక కూడా ఏళ్ల తరబడి పాజిటివ్ వస్తూనే ఉండొచ్చు. అందుకే ముందు స్కానింగ్ చూడాలి, రక్త పరీక్ష దానికి తోడుగా నిలవాలి. స్కానింగ్‌లో అనుమానం కనిపించాక రక్త పరీక్ష నెగెటివ్ అని ఇంటికి పంపడం తప్పు.

దీని కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం స్కానింగ్ ఆధారంగా సీఈ1 నుంచి సీఈ5 దాకా దశలు నిర్ణయించింది. మొదటి రెండింటిలో పురుగు చురుగ్గా ఉన్నట్టు, మూడోది మధ్యస్థం, చివరి రెండింటిలో చచ్చుబడినట్టు. మాత్రలా, సూదా, ఆపరేషనా, ఊరికే కనిపెట్టుకుని ఉండటమా అన్నది దశను బట్టే తేలుతుంది. పలుచటి గోడతో, లోపల తేట నీళ్లతో ఉండే మామూలు సిస్టులు చాలామందికి ఉంటాయి. వాటికి ఎక్కువ సార్లు వైద్యమే అక్కర్లేదు. ‘సిస్ట్’ అనే ఒక్క మాట చూసి భయంతో అప్పులు చేసినవాళ్లను కూడా నేను చూశాను. కాబట్టి గొర్రెల పెంపకం ఎక్కువున్న చోట్ల ప్రతి స్కానింగ్ రిపోర్టులోనూ సిస్ట్ ఏ రకమో, హైడాటిడ్ అయితే ఏ దశో రాయడం తప్పనిసరి చేయాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. రక్త పరీక్ష జిల్లా ఆసుపత్రిలోనే ఉచితంగా జరగాలి.

కెన్యాలోని టుర్కానాలో పశువుల కాపరుల దగ్గరికే స్కానింగ్ యంత్రం మోసుకెళ్లి ఈ గడ్డలు కనిపెట్టారు. మన దగ్గర లింగనిర్ధారణ నిషేధ చట్టం వల్ల చేతిలో పట్టుకుపోయే యంత్రాలపై కట్టడి ఉంది. ఆ చట్టం ఉండి తీరాలి, సడలించమని నేను అడగను. కానీ ఇతర వైద్యసేవలూ అందించే సంచార వైద్య వాహనంలో, రిజిస్ట్రేషన్‌తో వాడుకోవడానికి ఆ నిబంధనల్లోనే వీలుంది. ఆ వాహనం మంద తిరిగే పల్లెలకు రావాలి.

ఆదివారం మా ఊరి మాంసం కొట్టు దగ్గర నిలబడితే జబ్బు ఎక్కడ మొదలవుతుందో కంటికి కనబడుతుంది. కొట్టతను పొట్టేలు కార్జం మీద నీళ్లబుడ్డ కనబడగానే కత్తితో చెక్కి పక్కకు విసురుతాడు. అది నేలన పడేలోపే కుక్క నోట్లో ఉంటుంది. ఆ బుడ్డలోని పురుగే కుక్క పేగుల్లో పెరిగి, మన నోట్లోకి చేరే గుడ్లు పెడుతుంది. అతనికి తెలియదు, చెప్పినవాళ్లూ లేరు. గొర్రెలకు నట్టల మందు పోయడానికి పశువైద్య సిబ్బంది వస్తారు. అదే రోజు మంద కుక్కలకు బద్దెపురుగును చంపే ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయమని, బుడ్డలున్న కార్జాన్ని లోతుగా పూడ్చమని చెబితే ఎంత పని?

వచ్చే నెల అమ్మకు మళ్లీ స్కానింగ్ ఉంది. ఈసారి రిపోర్టులో దశ రాసేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదలను.

– ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా