మీ సాఫ్ట్‌వేర్ రాష్ట్రాల లిస్టులో ఒరిస్సా ఇంకా పోలేదు

తిరుపతి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మేనేజర్ అనే మనిషి మీ కంపెనీలో నిజంగానే ఉన్నారనుకుని రాస్తున్నాను. ఫోన్ చేసినప్పుడల్లా "సార్ మీటింగులో ఉన్నారు" అనే జవాబే.

స్టేషన్ దగ్గర మా లాడ్జిలో బిల్లులు మీ సాఫ్ట్‌వేర్‌తోనే కొడతాం. మొన్న పూరీ రైల్లో వచ్చిన ఒక పెద్దాయన రూం ఖాళీ చేస్తూ బిల్లు చూశారు. జేబులోంచి పెన్ను తీసి 'ఒరిస్సా' మీద గీత కొట్టి, పక్కన తన లిపిలో ఒడిశా అని రాసి నా చేతిలో పెట్టారు. ఒక్క మాట అనలేదు. నాకే తల కొట్టేసినట్టయింది.

మీకు ఫోన్ చేస్తే మొదటి అమ్మాయి కంప్యూటర్ రీస్టార్ట్ చేయమంది. చేస్తే రాష్ట్రం పేరు మారుతుందా తల్లీ? తర్వాతి అబ్బాయి స్క్రీన్‌షాట్ అడిగాడు. పంపాను. మళ్లీ అడిగాడు. మళ్లీ పంపాను. ఇంకొకాయన "ఏ పేరైతే ఏముంది సార్, అద్దె మారదు కదా" అన్నాడు. ఓపిగ్గానే చెప్పాను: సంస్కృతంలో ఓడ్రదేశం, ఒడియా వాళ్లకు ఒడిశా. వాళ్లు నాలుక మడిచి పలికే 'డ'ను ఇంగ్లీషువాళ్లు 'ర' చేసి ఒరిస్సా అని రాసుకున్నారు, మనమూ అదే పట్టుకున్నాం. పార్లమెంటు చట్టం చేసి 2011 నవంబరు 1 నుంచి ఇంగ్లీషులోనూ ఒడిశా చేసింది. అంతా విని, "అయితే లిస్టులో 'ఇతరములు' సెలెక్ట్ చేసుకోండి సార్" అన్నాడు. జగన్నాథుడి ఊరివాళ్లు ఇతరములట! సాయంత్రానికి 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్.

2007లో ఉత్తరాఖండ్ అయిన రాష్ట్రం మీకింకా ఉత్తరాంచలే. తమిళనాడు, కర్ణాటక మాత్రం సరిగ్గా ఉన్నాయి. అవి 1969లో, 1973లో మారాయి కాబట్టి కబురు మీదాకా చేరినట్టుంది.

కార్బన్ పేపర్ పెట్టి బిల్లులు రాసుకునే మా వీధికి మీ సాఫ్ట్‌వేర్ తెచ్చిందే నేను. "నా మాట నమ్మన్నా" అని పక్క లాడ్జీలవాళ్ల చేత కొనిపించాను. ఏఎంసీ డబ్బు, అదే ఏటా కట్టే మెయింటెనెన్స్ డబ్బు, ఒక్కరోజు ఆలస్యమైతే మీవాళ్లు ఎంత ప్రేమగా ఫోన్ చేస్తారో! ఆ ప్రేమ ఇప్పుడేమైంది?

లిస్టు దిద్దుతారో, దిద్దలేమని సంతకం పెట్టి రాసిస్తారో మీ ఇష్టం. బ్రహ్మోత్సవాల లోపు ఏదో ఒకటి తేలకపోతే ఏఎంసీ కట్టను, మా వీధిలో ఎవరినీ కట్టనివ్వను. వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. నాతో మాట్లాడాలంటే మనిషి చేత ఫోన్ చేయించండి. 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం' అనే టేపు మాత్రం ఇక వినిపించొద్దు.

ఇట్లు,
మీ పాత కస్టమర్ (ప్రస్తుతానికి)