పాయింట్ల సంగతి తర్వాత

చిరంజీవి సింధుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. తాతయ్యకి కళ్లజోడు మార్చారు. ఇప్పుడు పేపరంతా పైకి చదివి వినిపిస్తున్నారు, మాకు వినక తప్పట్లేదు. బబ్లూ నీ సైకిల్ సీటు కిందకి దింపించుకున్నాడు. నువ్వొచ్చేలోగా మళ్లీ ఎత్తించి పెడతాలే, దానికి అలగకు.

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. పరీక్షలేమో అనుకున్నా. పరీక్షలు ఇంకా మొదలవలేదని మీనాక్షి పిన్ని అంది, వాళ్ల హారిక రాసిందట. హారిక ఇంకా చాలా రాసిందట, అదంతా మనకెందుకు. స్వెటర్ పెట్టె అడుగున పెట్టాను, తీశావా? మేజోళ్ల మీద నీ నంబర్ రాశాను. ఉతకడానికి వేసేటప్పుడు జతగా ముడి వేసి వెయ్యి.

సరే, అడిగేస్తున్నా. పొద్దున హాజరుకి నువ్వు ఆలస్యంగా వెళ్లావని, పక్క కూడా సర్దలేదని, రెండిటికీ కలిపి హాస్టల్లో నువ్వుండే జట్టుకి, అదే మీ హౌస్‌కి పాయింట్లు తీసేశారని హారిక రాసింది. అప్పట్నుంచి సీనియర్లు నీతో ముభావంగా ఉంటున్నారట. నువ్వేమో హౌస్ మార్చమని మేడంని అడిగావట. నిజమేనా? నేనేం తిట్టను. దుప్పటి అంచులు లాగి పరుపు కిందకి దోపడం ఎంతసేపు పని అని మాత్రం అడుగుతాను.

ఒకరు చేసినదానికి హౌస్ మొత్తానికి పాయింట్లు కొయ్యడం నాకూ నచ్చదు. పెద్దవాళ్లకి పని తగ్గుతుంది, పిల్లలే ఒకరికొకరు కాపలా కాస్తారు. కెప్టెన్ అయినా ఎంత పిల్ల? నీకంటే నాలుగేళ్లు పెద్దదేమో. పాయింట్లు ఎక్కువొచ్చిన హౌస్‌కిచ్చే షీల్డ్ పోతుందని దానికీ టెన్షన్ ఉంటుంది, చిన్నవాళ్ల మీద చూపిస్తుంది. కాస్త చూసీ చూడనట్టు ఉండు.

ఈ హౌస్‌ల గోల ఎక్కడిదని నాన్నని అడిగితే అరగంట చెప్పారు. ఇంగ్లండ్‌లో 1440లో పెట్టిన ఈటన్ అనే స్కూల్లో 70 మంది పిల్లలకి చదువు, బస అన్నీ రాజుగారి ఖర్చు. మిగతావాళ్లు ఊళ్లో ఎవరో ఒకరి ఇంట్లో డబ్బులిచ్చి ఉండేవారు. తర్వాత తర్వాత ఆ ఇళ్లు మాస్టర్ల చేతుల్లోకి వచ్చాయట. అంటే పిల్లలు పడుకునే చోటు ముందు, కప్పులూ షీల్డులూ తర్వాత. సాయంత్రం ఇంటికెళ్లిపోయే పిల్లల స్కూళ్లలో కూడా ఇప్పుడు హౌస్‌లున్నాయి. వాళ్లకది చొక్కాకి పెట్టుకునే బ్యాడ్జీ. నువ్వు రాత్రి నిద్రపోయేది అక్కడే కదమ్మా. పావని, నువ్వు ఒకే హౌస్‌లో పడలేదని కోపం నీకింకా ఉందని తెలుసు. చాలా స్కూళ్లలో స్నేహితుల్ని కావాలనే విడదీస్తారు. లేకపోతే మీ ఇద్దరూ మూడోవాళ్ల మొహం చూస్తారా?

రవి మామయ్యకీ ఇదే జరిగింది. వాడు పసుపు హౌస్‌లో, వాడితో చేరిన స్నేహితుడు ఎరుపులో. ప్రతి ఉత్తరంలోనూ నన్ను ఎరుపులోకి మార్పించండి అని ఒకటే గొడవ. అమ్మమ్మ ఏడ్చేది, మా నాన్న కదల్లేదు. వాళ్ల హౌస్ మాస్టారు ఏమనుకున్నారో, చిన్న పిల్లల పెట్టెల మారు తాళంచెవులన్నీ ఒక డబ్బాలో వేసి వీడి చేతికిచ్చారు. మామయ్య ఒక్కో చెవికి దారం కట్టి, అట్టముక్క మీద పేరు రాసి తగిలించాడు. ఇక తెల్లారితే చాలు, అన్నా తాళం అన్నా తాళం అంటూ వాడి మంచం చుట్టూ జనం. ఎవరి పెట్టె మూత పట్టేస్తుందో, ఎవడు ఇంటిమీద బెంగతో తాళం వంక పెట్టుకుని వచ్చి కూర్చుంటాడో అంతా వాడికే తెలిసేది. ఒకరోజు లైట్లార్పాక ఒక బుడ్డోడు వచ్చి నిక్కరు కావాలన్నాడు. పక్క తడిపేశాడు. మామయ్య చీకట్లోనే డబ్బా తడిమి, పెట్టె తీసి, వాడికి బట్టలు మార్చి తన మంచం మీద పడుకోబెట్టాడు. తెల్లారి తనిఖీకి తడి పరుపు కిటికీకి ఆనించి కనబడింది, పాయింట్లు పోయాయి. ఎవరెంత అడిగినా ఇద్దరూ నోరు విప్పలేదు. మరుసటేడు మాస్టారే పిలిచి, ఎరుపులో ఖాళీ ఉంది, వెళ్తావా అన్నారు. డబ్బా ఎవరికిస్తారు సార్ అన్నాడు వీడు. ఆయన ఇంకెవరి పేరో చెప్పారు. వాడికొద్దు సార్, అన్నీ కలిపేస్తాడు అని అక్కడే ఉండిపోయాడు. ఆ ఏడు షీల్డ్ ఎవరికొచ్చిందో అడుగు, చెప్పలేడు.

నువ్వూ ఏదో ఒక పని అడిగి తీసుకో. నోటీసు బోర్డు రాయి, లేదంటే కొత్తగా వచ్చిన చిన్నపిల్లలకి జడలు వెయ్యి. నీ చేతి జడ సాయంత్రందాకా ఊడదు. ఎవరో వచ్చి పలకరించాలని మంచం మీద కూర్చుంటే ఎవరూ రారు. లెక్చర్ మొదలెట్టింది అంటావు, తెలుసు.

ఇంకొకటి. ముభావంగా ఉండటం వేరు, ఏడిపించడం వేరు. నీ వస్తువులు దాచినా, భోజనాల దగ్గర పక్కన కూర్చోనివ్వకపోయినా, వాళ్ల బట్టలు ఉతకమన్నా, చెయ్యి చేసుకున్నా ఒక్కరోజు కూడా ఆగకు. మేడంకి చెప్పు, నాకు రాయి. అది చాడీ కాదు. హౌస్ పరువు పోతుంది, బయట చెప్పకు అని ఎవరన్నా అంటే ఆ అన్నదెవరో కూడా రాయి. అప్పుడు నేనూ నాన్నా వచ్చి కూర్చుంటాం.

తలకి నూనె పెట్టుకో. తడి జుట్టుతో పడుకోకు. కవర్ల మీద అడ్రసు కూడా నేనే రాసి పెట్టాను, స్టాంపులు అంటించే ఉన్నాయి.

ఇట్లు,
అమ్మ

తా.క. ఆరోజు హాజరుకి ఎందుకు ఆలస్యమైంది? ఒంట్లో బాగాలేదా? హారిక ఆ ముక్క మాత్రం రాయలేదు. మేడంకి విడిగా ఉత్తరం రాద్దామని కూర్చుంటే నాన్న వద్దన్నారు. నీ జవాబు కోసం ఆదివారందాకా చూస్తాను, తర్వాత ఆయన మాట కూడా వినను.