అమ్మలూ, ఆ డిక్షనరీ సంగతి

అమ్మలూ,

బేస్‌బాల్ ఎప్పుడూ ఆడని నాన్నకి ఆ ఆట డిక్షనరీ ఎందుకని మొన్న ఫోన్‌లో అడిగావు. తీరిగ్గా చెప్పాలనిపించి రాస్తున్నా.

అమెరికా వచ్చిన కొత్తలో మీటింగుల్లో "బాల్‌పార్క్ ఫిగర్ చెప్పు", అంటే ఉజ్జాయింపు లెక్క చెప్పు, అంటే నాకు బుర్ర తిరిగేది. గ్రామరంతా వచ్చు, మాట మాత్రం అందేది కాదు. అది ఈ ఆటలోంచి వచ్చిందని తెలిశాక పాల్ డిక్సన్ పుస్తకం కొన్నాను. భాష మీదా, జోకుల మీదా, బేస్‌బాల్ మీదా జీవితమంతా రాసిన మనిషి. ఆ డిక్షనరీ మొదట 1989లో వచ్చింది. నా దగ్గరున్నది 2009 నాటి మూడో ఎడిషన్, పదివేలకు పైగా మాటలు.

అందులో నాకు బాగా నచ్చింది 'క్యాన్ ఆఫ్ కార్న్'. అంటే చేతిలోకి వచ్చి పడే తేలిక క్యాచ్. పాత కిరాణా కొట్లలో మొక్కజొన్న డబ్బాలు పై అరలో ఉండేవట. కొట్టతను పొడుగు కర్రతో డబ్బాని ముందుకు లాగి, కింద ఏప్రన్ పట్టుకుని నిలబడేవాడట. చూశావా, 'అట' అన్నాను. ఆట మధ్యలో దిగే పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్లు, సిద్ధమయ్యే చోటు బుల్‌పెన్. దానికి ఆ పేరు గోడల మీది బుల్ డర్హమ్ పొగాకు ప్రకటనల వల్ల వచ్చిందని కొందరంటారు, జైలు ఆవరణని అంతకుముందే అలా పిలిచేవారని ఇంకొందరు. మన 'అట' ఇంగ్లీషుకి ఉంటే డిక్షనరీ రాసేవాళ్లకి ఎంత హాయి! న్యూయార్క్ యాంకీస్ జట్టు క్యాచర్ యోగీ బెర్రా పేరు మీద ఎన్ని మాటలు తిరిగాయో! చివరికి ఆయనే, నేనన్నవన్నీ నేను నిజంగా అనలేదు అన్నాడు.

మూడు స్ట్రైకులు పడి బ్యాటర్ అవుటైతే స్కోర్‌కార్డులో 'కె' అని రాస్తారు కదా. నీకు తొమ్మిదేళ్లప్పుడు ఆ 'కె' తిరగేసి రాశావు, గుర్తుందా? తప్పనుకుని రబ్బరుతో చెరిపేశాను. "బ్యాట్ ఊపకుండా మూడో స్ట్రైక్ వదిలేస్తే అలాగే రాయాలి నాన్నా" అన్నావు. ఇంటికొచ్చి వెతికాను. 'కె' అంటే 'స్ట్రక్'లో చివరి అక్షరం. పెట్టినవాడు హెన్రీ చాడ్విక్, ఇంగ్లండ్‌లో పుట్టి చిన్నప్పుడే ఇక్కడికొచ్చిన విలేఖరి. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

ఆదివారం తాతయ్యకి ఫోన్ చెయ్యి. ఆయన గోటీబిళ్ల అనేదాన్ని వరంగల్‌లో మీ అమ్మమ్మ చిర్రగోనె అంటుంది. దెబ్బదెబ్బకీ ఒక్కో పేరుంటుంది, అన్నీ అడిగి రాసుకో. ఎవరు చెప్పారో పక్కన రాయడం మర్చిపోకు.

నాన్న