సంక్రాంతి దాటాక చామంతిని పీకెయ్యొద్దు

అనంతపురం

అమ్మాయికి, నాన్న ఆశీస్సులు.

కర్నూల్లో మీ మిద్దె మీద చామంతులు వాడిపోతున్నాయని, ఇక పీకేసి బంతి నారు పెడతానని ఫోన్లో అన్నావు. పీకొద్దమ్మా. చామంతి ఒక్క కాపుతో పోయే మొక్క కాదు. మొదలు బతికి ఉంటే కింద నుంచి పిలకలు వస్తాయి, వచ్చే ఏటి పూలు వాటివే.

ముందు వాడినవి తీసెయ్. పువ్వును తిప్పి కింద వరస రేకులు చూడు. అవి గోధుమ రంగుకు తిరిగితే దాని పని అయిపోయినట్టే. చాలామంది పువ్వును మాత్రం మెడ దగ్గర తుంచుతారు. మిగిలిన మోడు ఎండి నల్లబడుతుంది, తేమ పట్టిందంటే కుళ్ళు కిందికి దిగుతుంది. అందుకని కాడ వెంట కిందికి వచ్చి, మొదటి మంచి ఆకుకో పక్కమొగ్గకో పావంగుళం పైన కత్తిరించు. గుత్తి చామంతిలో నడిమి పువ్వే ముందు విచ్చుతుంది, దాన్ని తీసేస్తే బలమంతా పక్కమొగ్గలకు పోతుంది. నీళ్ళు పొద్దున్నే, మొక్క మొదలు దగ్గరే పొయ్యి. పూల మీద పోస్తే రేకుల మధ్య నిలిచి మురుగుతాయి.

మొగ్గల కింద నల్లగా పేనుబంక, అదే రసం పీల్చే చిన్న పురుగు, పట్టిందేమో చూడు. లీటరు నీళ్ళకు 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పిచికారీ చెయ్యి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

మొగ్గలన్నీ అయిపోయాక, అంటే ఫిబ్రవరిలో, మొక్కను మట్టికి నాలుగైదు అంగుళాలు ఉంచి కోసెయ్. గుప్పెడు వేపపిండి, రెండు గుప్పెళ్ళ వర్మీకంపోస్టు పైమట్టిలో కలుపు. యూరియా వేసే పని పెట్టుకోకు, ఆకు తప్ప ఏమీ రాదు. మార్చి నుంచి కుండీలను మధ్యాహ్నపు ఎండ తగలని తూర్పు గోడ పక్కకు జరుపు. మన ఎండలకు మిద్దె కాలి, కుండీలో వేర్లు ఉడికిపోతాయి.

జూన్లో వానలు పడ్డాక వేరున్న పిలకల్ని విడదీసి కుండీకి ఒకటి నాటు. ఎర్రమన్ను రెండు పాళ్ళు, కంపోస్టు ఒకటి, ఇసుక ఒకటి. మీవైపు నల్లరేగడి మాత్రం కుండీలో వద్దు, నీళ్ళు దిగవు. జానెడు ఎదిగాక కొన తుంచు, మూడు నాలుగు వారాలకు మళ్ళీ తుంచు. ఆగస్టు చివరికి ఆపెయ్, లేదంటే రాబోయే మొగ్గలే పోతాయి.

ఇంకొకటి, మీ మెట్ల దగ్గర బల్బు రాత్రంతా వెలుగుతుంది కదా. చామంతికి పొడుగు రాత్రి, అదీ చీకటిగా ఉంటేనే మొగ్గ కడుతుంది. కర్ణాటకలో చిక్కబళ్ళాపురం వైపు రైతులు పూత వెనక్కి జరపడానికి కావాలనే తోటల్లో లైట్లు పెడతారు. సెప్టెంబరు నుంచి ఆ బల్బు ఆర్పు, లేదా కుండీలను అవతలికి మార్చు.

జూన్లో వచ్చేటప్పుడు పసుపు చామంతి పిలకలు రెండు, వేర్లకు తడిగుడ్డ చుట్టి తీసుకురా. ఇక్కడ తెల్లవే ఉన్నాయి.

ఇట్లు,
మీ నాన్న