మళ్లీ అదే గుర్రం బొమ్మా?

సంపాదకులకు,

మీ సైన్స్ పేజీలో జీవుల శరీర పరిమాణం మీద వచ్చిన వ్యాసం చదివాను. రాసిన తీరు బాగుంది, కాదనను, కానీ పక్కన వేసిన బొమ్మ చూశాక ఒళ్లు మండింది. ఎడమ చివర నక్కంత గుర్రం, తర్వాత కాస్త పెద్దది, ఇంకాస్త పెద్దది, కుడి చివర ఇప్పటి గుర్రం. కింద "పరిణామం అంటే ఎదుగుదలే" అని ఒక వాక్యం కూడా.

గుర్రాల కథ అలా నడవనే లేదండీ. సుమారు అయిదున్నర కోట్ల ఏళ్ల కిందట మొదలైన ఆ వంశం మొదటి మూడు కోట్ల ఏళ్ల దాకా సైజులో పెద్దగా మారలేదు. ఆ తర్వాత కొమ్మలు కొమ్మలుగా చీలింది, కొన్ని పెద్దవయ్యాయి, ఆర్కియోహిప్పస్, నానిప్పస్ లాంటివి తమ ముందుతరాల కంటే చిన్నవైపోయాయి. చిన్నవైన కొమ్మలన్నీ చెరిపేసి, ఇవాళ మిగిలిన ఒక్క కొమ్మని పట్టుకుని వెనక్కి గీత గీస్తే ఎదుగుదల కాక ఇంకేం కనిపిస్తుంది?

వ్యాసంలో 'కోప్ నియమం' ప్రస్తావించారు, 19వ శతాబ్దపు అమెరికన్ శిలాజ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోప్ పేరుతో చెలామణీ అయ్యేది, కాలం గడిచేకొద్దీ జీవుల వంశాలు పెద్ద శరీరాల వైపే సాగుతాయని దాని సారాంశం. దాన్ని నిరూపించేశారన్నట్టు రాశారు. బహుశా 2015లో వచ్చిన స్టాన్‌ఫర్డ్ పరిశోధన మీ మనసులో ఉండి ఉంటుంది. 17 వేలకు పైగా సముద్ర జీవుల ప్రజాతుల్ని (దగ్గరి చుట్టరికమున్న జాతుల గుంపుల్ని) కొలిచి, గత 54 కోట్ల ఏళ్లలో వాటి సగటు ఘనపరిమాణం 150 రెట్లు పెరిగిందని తేల్చారు. నిజమే, అది ఉత్త యాదృచ్ఛికం కాదని కూడా వాళ్లే చెప్పారు. కానీ అదే పరిశోధనలో అత్యంత చిన్న జీవుల సైజు ఇంకా తగ్గిందని ఉంది, దాన్ని మీరు వదిలేశారు. సగటు పెరగడానికి వాళ్లు చూపిన ప్రధాన కారణం కూడా వేరు: మొదటి నుంచే పెద్ద శరీరాలున్న వర్గాలు ఎక్కువ శాఖలుగా విస్తరించాయి. క్లాసులోకి నలుగురు పొడుగు పిల్లలు కొత్తగా చేరితే, పాత పిల్లలు ఒక్క అంగుళం ఎదగకపోయినా సగటు ఎత్తు పెరుగుతుంది కదా, అలాగన్నమాట.

ఇక చిన్నవడం సంగతి. ఎలుకంత జంతువు ఏనుగంత కావడానికి కనీసం 2.4 కోట్ల తరాలు పడుతుందని 2012లో ఒక లెక్క వచ్చింది. తగ్గడం మాత్రం అంతకు పది రెట్ల కంటే వేగంగా జరుగుతుందట! సిసిలీ దీవిలో ఒకప్పుడు తిరిగిన మరుగుజ్జు ఏనుగు పెద్దయ్యాక కూడా భుజం దగ్గర మీటరు ఎత్తే, దాని పూర్వీకులేమో దాదాపు నాలుగు మీటర్లు. దీవిలో మేత తక్కువ, వేటాడే పెద్ద మృగాలు లేవు, అలాంటి చోట భారీ శరీరం ఉత్త దండగ, తక్కువ మేతతో సరిపెట్టుకునే చిన్న శరీరమే నెగ్గుతుంది. తమాషా ఏమిటంటే అదే దీవిలో లీథియా అనే ఎలుక లాంటి జీవి పిల్లి సైజుకి పెరిగింది. ఒకే నేల, ఒకదాన్ని కుదించింది, ఇంకొకదాన్ని పెంచింది. డైనోసార్లలో పక్షులకు దారితీసిన శాఖ కూడా దాదాపు 5 కోట్ల ఏళ్ల పాటు తగ్గుతూనే వచ్చింది, లేకపోతే పిచ్చుక ఎక్కడిది?

అలాగని ఎంతైనా తగ్గిపోవచ్చని కాదు. ఎట్రుస్కన్ ష్రూ అనే బుల్లి క్షీరదం బరువు రెండు గ్రాములు కూడా ఉండదు. శరీరం ఎంత చిన్నదైతే లోపలి కండతో పోలిస్తే పైచర్మం వాటా అంత ఎక్కువ, కాబట్టి వేడి కారిపోతూనే ఉంటుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి గుండె నిమిషానికి 1500 సార్ల దాకా కొట్టుకుంటుంది, రోజూ తన బరువుకి మించి తినాలి, తిండి దొరక్కపోతే కొన్ని గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. కప్పకి ఒంట్లో వేడి కాపాడుకునే ఈ టెన్షన్ లేదు, అందుకే పాపువా న్యూగినీలో 7.7 మిల్లీమీటర్ల కప్ప హాయిగా బతికేస్తోంది.

వ్యాసంలో నాకు అసలు కనపడనిది మనుషుల పాత్ర. అట్లాంటిక్‌లో కాడ్ చేపల్ని దశాబ్దాల పాటు విపరీతంగా పట్టారు. వలకన్నుల్లోంచి చిన్నచేప జారిపోతుంది, పెద్దది దొరికిపోతుంది, అంటే చిన్నగా ఉన్నప్పుడే గుడ్లు పెట్టేసిన చేపల సంతానమే ఎక్కువగా మిగులుతుంది. కెనడా తీరంలో 1992లో వేట నిషేధించేనాటికే ఆ చేపలు తక్కువ వయసులో, తక్కువ సైజులోనే గుడ్లకొస్తున్నాయని తర్వాత పరిశోధకులు తేల్చారు. కోట్ల ఏళ్లు అక్కర్లేదు, కొన్ని దశాబ్దాల్లో జరిగిపోయింది. దీని మీద ఒక పూర్తి వ్యాసం వేయండి, అదే పేజీలో, అంతే చోటిచ్చి.

— ఒక పాఠకుడు